సెల్లార్‌లో సంప్, హాల్లో ట్యాంక్: రిటర్న్ పంప్ ఏది తీసుకోవాలి? (తిరుపతి)

కోర్లగుంట_సిక్లిడ్:
అందరికీ నమస్తే. తిరుపతి కోర్లగుంటలో మాది సొంత ఇల్లు. కింద సెల్లార్, దాని మీద హాలు. హాల్లో 5 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ట్యాంక్ పెడుతున్నాను. మలావి సిక్లిడ్లు (ఆఫ్రికాలోని మలావి సరస్సు చేపలు) వేద్దామని. మా బోరు నీళ్లలో సున్నం బాగా ఎక్కువ, బకెట్లకి తెల్లగా పొర కట్టేస్తుంది. ఆ చేపలకి అలాంటి నీళ్లే ఇష్టం కాబట్టి ఆర్ఓ గొడవ లేదు.

ఫిల్టర్ సంప్‌ని (ట్యాంక్ నీళ్లు దిగి శుభ్రపడే రెండో తొట్టి) ట్యాంక్ కింద కాకుండా సెల్లార్‌లో పెట్టాలనుకుంటున్నాను. హాల్లో చప్పుడు ఉండదు, నీళ్లు మార్చేటప్పుడు ఇల్లంతా తడి కాదు. సమస్యల్లా ఆ నీళ్లని తిరిగి పైకి తోసే రిటర్న్ పంపుతోనే. షాపులో అడిగితే గంటకి 6000 లీటర్ల పంప్ తీసుకోమన్నారు, "ఎంత పెద్దదైతే అంత మంచిది" అన్నారు. డబ్బు పెట్టే ముందు ఇక్కడ అడుగుదామని. సంప్ 3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు.

కుప్పం_చేపలు:
బ్రదర్, అంత ఎత్తుకి అక్వేరియం పంపులు ఎందుకు? మిద్దె మీద ట్యాంకుకి నీళ్లెక్కించే అర హెచ్‌పీ మోటారు పెట్టేయండి. ఎక్కడైనా దొరుకుతుంది, చెడిపోతే ఊళ్లోనే బాగు చేయించుకోవచ్చు.

మోటారు_మామ:
నేను చిత్తూరులో మోటార్ల పనే చేస్తాను, దీనికి మాత్రం వద్దు తమ్ముడూ. ఇంటి మోనోబ్లాక్‌ని రోజుకి అరగంటో గంటో నడిచేలా చేస్తారు. దాన్ని 24 గంటలూ తిప్పితే సీల్ పోతుంది, బేరింగ్ అరుస్తుంది. బాడీ పోత ఇనుము, తుప్పు నేరుగా చేపల నీళ్లలోకి వస్తుంది. చాలావాటిలో ఇంపెల్లర్ ఇత్తడి. ఇత్తడిలో రాగి ఉంటుంది, రొయ్యలూ నత్తలూ రాగికి అసలు తట్టుకోలేవు.

ఇంకొకటి. ఆ మోటార్లని ఇరవై మీటర్ల పైన ఎత్తుకి తోయడానికి చేస్తారు. నాలుగు మీటర్ల ఎత్తుకే పెడితే నీళ్లు విపరీతంగా తోస్తుంది, కొన్ని రకాలైతే కరెంటూ ఎక్కువ లాగుతాయి, కాయిల్ వేడెక్కుతుంది. అర హెచ్‌పీ అంటే షాఫ్ట్ దగ్గర 373 వాట్లు, మీటర్ దగ్గర 500 దాకా లాగుతుంది. రోజంతా నడిస్తే నెలకి 360 యూనిట్లు. ఎస్పీడీసీఎల్ (మన కరెంటు కంపెనీ) బిల్లులో యూనిట్లు పెరిగే కొద్దీ శ్లాబు మారుతుంది, అంటే ఆ పెరిగిన యూనిట్లకి రేటు ఎక్కువ పడుతుంది.

పద్మావతిపురం_ఆక్వా:
మామ గారు చెప్పింది నిజం. కోర్లగుంట తమ్ముడూ, ముందు నీ కొలతలు చెప్పు. సెల్లార్ నేల నుంచి హాల్ నేల దాకా ఎంత? స్టాండ్ ఎత్తెంత? పైపు ఎంత దూరం వెళ్లాలి? ఇవి లేకుండా "6000 లీటర్లు తీసుకో" అని ఎవరు చెప్పినా అది ఊహే. పెట్టె మీద రాసే పెద్ద అంకె పంపుకి ఏ ఎత్తూ లేనప్పుడు వచ్చే ప్రవాహం. ఒక్కో మీటరు పైకి తోసే కొద్దీ అది పడిపోతుంది. హెడ్ అంటే నీళ్లని తోయాల్సిన ఎత్తు; గరిష్ఠ హెడ్ అని రాసిన ఎత్తు దగ్గర ప్రవాహం సున్నా.

ఉదాహరణకి ఈహైమ్ 1262 చాలా మంచి పంప్. పెట్టె మీద గంటకి 3400 లీటర్లు అని ఉంటుంది. దాని గరిష్ఠ హెడ్ 3.6 మీటర్లే. అదే పంప్ సెల్లార్‌లో పెడితే పైన ఒక్క చుక్క కూడా రాకపోవచ్చు. ఆ పంపులో లోపమేమీ లేదు, అది క్యాబినెట్ కింద ఉండే సంప్ కోసం చేసింది.

కోర్లగుంట_సిక్లిడ్:
కొలిచాను అక్కా. సెల్లార్ నేల నుంచి హాల్ నేలకి స్లాబుతో కలిపి 10 అడుగులు. ట్యాంక్ స్టాండ్ రెండున్నర అడుగులు. ట్యాంకులో నీళ్లు 22 అంగుళాలు. పైపు అడ్డంగా కొంత, నిలువుగా కొంత, మొత్తం 8 మీటర్లు అవుతుంది. నాలుగు మలుపులు, ఒక వాల్వ్. సంప్ నేల మీదే పెడదామనుకున్నా.

శేషాచలం_రీఫ్:
సంప్ నేల మీద వద్దు. రెండు అడుగుల ఇనుప యాంగిల్ స్టాండ్ చేయించి దాని మీద పెట్టండి. హెడ్‌ని కొలవాల్సింది సంప్‌లో నీటి మట్టం నుంచి ట్యాంక్‌లో నీటి మట్టం దాకా. సెల్లార్ నేలకి గానీ, పంప్ ఎంత లోతులో ఉందన్నదానికి గానీ లెక్కలో చోటు లేదు. సంప్‌లో అడుగు లోతు నీళ్లు అనుకుంటే:

నేల మీద పెడితే సుమారు 13.3 అడుగులు, అంటే 4 మీటర్ల పైన.
రెండడుగుల స్టాండ్ మీద పెడితే 11.3 అడుగులు, అంటే 3.45 మీటర్లు.

ఆ స్టాండ్ ఖర్చుతో రోజూ, ఏళ్ల తరబడి అరవై సెంటీమీటర్ల ఎత్తు తగ్గుతుంది. పైగా 2021 నవంబర్ వానలకి తిరుపతిలో సెల్లార్లలోకి నీళ్లు ఎలా వచ్చాయో అందరికీ తెలుసు. కోర్లగుంట వైపు ఉన్నవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు. వాన నీరు సంప్‌లో కలిస్తే చేపలు పోతాయి, ప్లగ్ బోర్డు దాకా వస్తే మనుషులకే ప్రమాదం.

కుప్పం_చేపలు:
మోటారు సంగతి అర్థమైంది మామా, థాంక్స్. అయితే 3.45 మీటర్లకి సరిపడే పంప్ తీసుకుంటే చాలు కదా?

శేషాచలం_రీఫ్:
చాలదు. అది నిలువు ఎత్తు మాత్రమే. పైపు గోడలు, ఎల్బోలు, వాల్వ్ కూడా నీళ్లని ఆపుతాయి. ఈ ఇంటి కొలతలకి గంటకి 2000 లీటర్లు వెళ్లాలనుకుని లెక్క వేశాను, కొంచెం అటూఇటూగా:

ముప్పావు అంగుళం పైపు వేస్తే మలుపులతో కలిపి అదనంగా రెండున్నర మీటర్ల హెడ్ పోతుంది.
అంగుళం పైపులో సుమారు 80 సెంటీమీటర్లు.
ఒకటింపావు అంగుళం పైపులో 25 సెంటీమీటర్లు.

ముప్పావు పైపు వేస్తే మీ పంప్ 6 మీటర్ల మేడ ఎక్కిస్తున్నట్టు కష్టపడాలి, ఒకటింపావు వేస్తే 3.7 మీటర్లు చాలు. పైపు వ్యాసం కొంచెం పెరిగినా రాపిడి చాలా రెట్లు తగ్గుతుంది, దాదాపు వ్యాసం అయిదో ఘాతం లెక్కన. పంపుకి ఉన్న అవుట్‌లెట్ సైజు చూసి అదే సైజు పైపు పైదాకా వేసేస్తుంటారు చాలామంది. పంప్ దగ్గరే రెడ్యూసర్‌తో సైజు పెంచేసి, పైదాకా ఒకటింపావే తీసుకెళ్లండి. చివర్లో ట్యాంక్ దగ్గర మళ్లీ తగ్గించుకోవచ్చు. ఎల్బోల బదులు దొరికిన చోట లాంగ్ బెండ్లు వాడండి.

అన్నట్టు, డబ్బు మీద ఆలోచన ఉంటే నా మాట ఒక్కటే: పంపులో వెయ్యి తగ్గించినా ఫర్వాలేదు, పైపులో తగ్గించొద్దు. పంప్ రేపు మార్చుకోవచ్చు. స్లాబులోంచి వెళ్లిన పైపుని మార్చాలంటే మళ్లీ కోర్ కటింగే.

పద్మావతిపురం_ఆక్వా:
గంటకి 2000 లీటర్లు అంటే ట్యాంకుకి నాలుగు రెట్లు. సిక్లిడ్లకి తక్కువ కాదా? నేనెప్పుడూ పది రెట్లు అని విన్నాను.

శేషాచలం_రీఫ్:
పది రెట్లు అన్న మాట వేవ్‌మేకర్లు ఇంత చౌకగా లేని రోజుల్ది అక్కా. అప్పట్లో ట్యాంకులో నీటి కదలికంతా రిటర్న్ పంపే ఇవ్వాల్సి వచ్చేది. ఇప్పుడు ట్యాంకులో నీళ్లు తిప్పే పని వేవ్‌మేకర్‌కి ఇచ్చేయవచ్చు. అది ఎక్కడికీ ఎత్తక్కర్లేదు కాబట్టి కొద్ది వాట్లతోనే గంటకి వేల లీటర్లు కదిలిస్తుంది. రిటర్న్ పంప్ పని సంప్‌కి మురికి నీళ్లు చేరేలా, శుభ్రమైన నీళ్లు పైకి వచ్చేలా చూడడమే. దానికి మూడు నాలుగు రెట్లు సరిపోతాయి.

సెల్లార్ సంప్‌లో ప్రతి లీటరుకీ ఎత్తు ఖర్చు ఉంది. సింపుల్ లెక్క: గంటకి ఎన్ని లీటర్లో దాన్ని ఎత్తు మీటర్లతో గుణించి 367తో భాగిస్తే, నీళ్లని ఎత్తడానికి కచ్చితంగా కావాల్సిన వాట్లు వస్తాయి. 2000 × 3.7 ÷ 367 = 20 వాట్లు. చిన్న పంపులు లాగే కరెంటులో మూడో వంతో నాలుగో వంతో మాత్రమే నీళ్లకి చేరుతుంది కాబట్టి మీటర్ దగ్గర 60 నుంచి 80 వాట్లు. 80 వాట్లంటే నెలకి 58 యూనిట్లు. అదే 5000 లీటర్లు ఎత్తాలంటే పైపు రాపిడి కూడా పెరిగి 200 దాటుతుంది. ఏ అమ్మకందారైనా 30 వాట్ల పంప్ నాలుగు మీటర్ల ఎత్తులో 5000 లీటర్లు ఇస్తుందంటే ఈ లెక్క వేసి చూడండి.

కోర్లగుంట_సిక్లిడ్:
ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు సార్. సరే, 3.7 మీటర్ల దగ్గర 2000 లీటర్లు. ఇది పెట్టె మీద ఉండదు కదా, ఎక్కడ చూడాలి?

శేషాచలం_రీఫ్:
ప్రతి మంచి కంపెనీ ప్రవాహానికీ ఎత్తుకీ గ్రాఫ్ ఇస్తుంది, దాన్నే పంప్ కర్వ్ అంటారు. అడ్డగీత మీద లీటర్లు, నిలువుగీత మీద హెడ్. 4 మీటర్ల దగ్గర అడ్డంగా గీత గీసి, కర్వ్‌ని తాకిన చోట కింద ఎన్ని లీటర్లో చూడండి. అక్కడ 2500 ఉంటే మీ పంప్ అదే. పంప్ పాతబడ్డాక, పైపులో పాచి పట్టాక కొంత తగ్గుతుంది కాబట్టి ఆ మిగులు ఉండాలి. గరిష్ఠ హెడ్ 6 మీటర్ల పైన ఉన్నవాటిలోనే వెతకండి. కర్వ్ ఎక్కడా దొరకని పంపుని సెల్లార్ సంప్‌కి కొనొద్దు.

కోర్లగుంట_సిక్లిడ్:
ఒక 24 వోల్ట్ డీసీ పంప్ చూశాను. గరిష్ఠ హెడ్ 7 మీటర్లు. 4 మీటర్ల దగ్గర 3000 లీటర్ల దాకా కర్వ్‌లో ఉంది. స్పీడ్ తగ్గించుకోవచ్చు, కాబట్టి రాత్రిపూట సగం స్పీడులో పెడితే కరెంటు ఆదా అవుతుందని అనుకుంటున్నాను.

మోటారు_మామ:
ఇక్కడ ఒక్క నిమిషం ఆగు. స్పీడ్ తగ్గిస్తే ప్రవాహం అదే నిష్పత్తిలో తగ్గుతుంది, హెడ్ మాత్రం స్పీడ్ వర్గం లెక్కన పడిపోతుంది. 7 మీటర్ల పంపుని 70 శాతం స్పీడులో పెడితే దాని గరిష్ఠ హెడ్ 7 × 0.49, అంటే 3.43 మీటర్లు. నీ నిలువు ఎత్తు 3.45. పంప్ తిరుగుతూనే ఉంటుంది, కరెంటూ లాగుతుంది, పైపులో నీళ్లు అలా నిలబడి ఉంటాయి. పైకి ఒక్క లీటరు రాదు. సగం స్పీడు అన్న మాటే మర్చిపో.

బోరు మోటార్లకి వీఎఫ్‌డీ (మోటారు స్పీడు మార్చే పరికరం) పెట్టించుకున్న రైతులు కూడా ఇదే అడుగుతుంటారు. లోతు బోరులో స్పీడ్ బాగా తగ్గిస్తే నీళ్లే రావు. ఎత్తు ఎక్కువున్న చోట స్పీడు తగ్గించే జాగా చాలా తక్కువ. నీకు 80 నుంచి 100 శాతం మధ్యే ఆడుకోవాలి. అలాగని డీసీ వద్దని అనడం లేదు. సర్దుబాటుకి అది బాగుంటుంది, తగ్గించిన స్పీడులో చప్పుడూ తక్కువే.

ఏసీ పంప్ తీసుకుంటే మాత్రం ప్రవాహాన్ని అవుట్‌లెట్ వైపు వాల్వ్‌తో తగ్గించు. ఇన్‌లెట్ వైపు ఎప్పుడూ అడ్డం పెట్టకూడదు, లోపల ఆవిరి బుడగలు పుట్టి ఇంపెల్లర్‌ని తినేస్తాయి.

పద్మావతిపురం_ఆక్వా:
కరెంటు పోతే ఏమవుతుందో చూసుకున్నావా తమ్ముడూ? పంప్ ఆగిన వెంటనే పైపుల్లో ఉన్న నీళ్లన్నీ, ట్యాంక్ పైభాగం నీళ్లతో పాటు, సంప్‌లోకి దిగుతాయి. నీ ట్యాంక్ వైశాల్యం పెద్దది, ఒక్క సెంటీమీటరు మట్టం తగ్గితే 8 నుంచి 9 లీటర్లు. రిటర్న్ నాజిల్ (పైన నీళ్లు ట్యాంకులోకి వచ్చే పైపు మూతి) ఎంత లోతులో ఉంటే అంత దాకా సైఫన్ లాగేస్తుంది.

నీ సంప్ 90 × 45 సెంటీమీటర్లు. అడుగు నీళ్లు ఉంటే పైన 15 సెంటీమీటర్ల ఖాళీ, అంటే 60 లీటర్లు. రిటర్న్ పైపులో 7 లీటర్లు, డ్రెయిన్ పైపులో (ట్యాంక్ నుంచి సంప్‌కి దిగేది) దాదాపు అంతే. నాజిల్ 2 సెంటీమీటర్ల లోతులో ఉంటే ట్యాంకు నుంచి ఓవర్‌ఫ్లో (నీళ్లు పొర్లి డ్రెయిన్‌లోకి దిగే అంచు) మీది నీళ్లతో కలిపి 30, 35 లీటర్లు. అన్నీ కలిపినా 50 లోపే, సరిపోతుంది. నాజిల్‌ని 8 సెంటీమీటర్ల లోతులో పెట్టావో, సెల్లార్‌లో నీళ్లే.

కుప్పం_చేపలు:
నాన్ రిటర్న్ వాల్వ్ (నీళ్లని ఒకవైపే పోనిచ్చేది) పెడితే ఈ సమస్య ఉండదు కదా అక్కా?

పద్మావతిపురం_ఆక్వా:
దాని మీద నమ్మకం పెట్టుకోకూడదు. ఒక చిన్న నత్తో, ఇసుక రేణువో ఫ్లాప్ కింద ఇరుక్కుంటే చాలు, అది మూసుకోదు. మన సున్నం నీళ్లకి ఆ ఫ్లాప్ మీద పొర కట్టడం ఖాయం. పెట్టుకుంటే పెట్టుకోండి, హెడ్ కొంచెం పోతుంది. ఖాళీ జాగా లెక్క మాత్రం అది లేదనుకునే వేయాలి. నాజిల్ దగ్గర నీటి మట్టానికి కాస్త కింద చిన్న రంధ్రం వేస్తే సైఫన్ తెగుతుంది. ఆ రంధ్రంలో పాచి పేరుకుంటుంది, వారానికోసారి టూత్‌పిక్‌తో గుచ్చాలి. అందుకే నాజిల్‌ని పైకే పెట్టి, రంధ్రం కూడా వేసుకోవడం మంచిది.

శేషాచలం_రీఫ్:
డ్రెయిన్ గురించి ఎవరూ అడగలేదు గానీ, హాల్లో చప్పుడు వద్దనుకుంటే అసలు విషయం అక్కడుంది. మూడున్నర మీటర్ల నుంచి గాలితో కలిసి పడే నీళ్లు గడగడలాడుతూ ఇల్లంతా వినిపిస్తాయి. రెండు పైపులు పెట్టండి. ఒకటి పూర్తిగా నీళ్లతో నిండి సైఫన్‌గా నడిచేది, రెండోది ఎమర్జెన్సీ, దాని మూతి కాస్త ఎత్తులో. సైఫన్ పైపుకి గేట్ వాల్వ్ కింద, సంప్ దగ్గర పెట్టండి. వాల్వ్ కింద ఉంటేనే పైపు నిండుగా ఉంటుంది, చప్పుడు చేయదు. బాల్ వాల్వ్‌తో అంత సన్నగా సర్దలేరు, గేట్ వాల్వే తీసుకోండి. పైపు చివర సంప్ నీళ్లలో అంగుళం మాత్రమే మునగాలి. లోతుగా ముంచితే మొదలయ్యేటప్పుడు గాలి బయటికి పోలేక సైఫన్ పట్టదు.

స్లాబులో రంధ్రాలు బీమ్, కాలమ్ దగ్గర వేయించొద్దు. ఇల్లు కట్టిన ఇంజనీర్‌ని ఒకసారి అడగండి.

పుత్తూరు_ఎలక్ట్రికల్:
నా వైపు నుంచి కరెంటు సంగతి. సెల్లార్ తడి చోటు. ఆ లైనుకి 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్) తప్పనిసరి. ఎర్తింగ్ చూపించుకోండి. ప్లగ్ బోర్డు సంప్ పైన కాకుండా పక్క గోడకి, ఛాతీ ఎత్తులో పెట్టండి. వైరు ప్లగ్ దాకా వచ్చే ముందు కిందికి ఒక వంపు తిరిగేలా వదలాలి, వైరు వెంబడి జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది.

ఇన్వర్టర్ మీద ఏసీ పంప్ నడపాలంటే అది ప్యూర్ సైన్ వేవ్ అయి ఉండాలి. స్క్వేర్ వేవ్ మీద ఈ పంపులు గుర్రుమంటూ వేడెక్కుతాయి. డీసీ పంపుకి మధ్యలో అడాప్టర్ ఉంటుంది కాబట్టి ఆ ఇబ్బంది తక్కువ. పంప్ ఇన్వర్టర్ మీద లేకపోయినా, ట్యాంకులో బ్యాటరీ ఎయిర్ పంప్ ఒకటి ఉంచండి. ఎండాకాలం కరెంటు పోతే సిక్లిడ్లకి ముందు కావాల్సింది గాలి.

కోర్లగుంట_సిక్లిడ్:
ఎండాకాలం అన్నారు కాబట్టి, పంప్ నీళ్లలో ముంచితే నీళ్లు వేడెక్కవా? మే నెలలో ఇక్కడ 40 దాటుతుంది.

శేషాచలం_రీఫ్:
మునిగిన పంప్ లాగే కరెంటు చాలావరకు నీళ్లలోకే వేడిగా వస్తుంది. 80 వాట్లంటే, వేడి ఎటూ పోలేదనుకుంటే, 600 లీటర్ల నీళ్లని గంటకి 0.1 డిగ్రీ పెంచుతుంది. నిజానికి నీటి ఉపరితలం నుంచి, సంప్ గోడల నుంచి వేడి పోతూనే ఉంటుంది. మే నెలలో సెల్లార్ హాలు కంటే చల్లగా ఉంటుంది, ఇది మీ సెటప్‌కి పెద్ద లాభం. సంప్ మీద ఒక చిన్న ఫ్యాన్ తిప్పితే ఆవిరితో ఇంకా తగ్గుతుంది. మీ చేపలకి 28 దాకా ఫర్వాలేదు. 500 వాట్ల మోటారు పెట్టి ఉంటే మాట వేరుగా ఉండేది.

కోర్లగుంట_సిక్లిడ్:
అప్‌డేట్. సంప్ రెండడుగుల స్టాండ్ మీద, ఒకటింపావు పైపు, నాలుగు మలుపుల్లో మూడు లాంగ్ బెండ్లు, ఆ 7 మీటర్ల డీసీ పంప్. ఈరోజు నీళ్లు పోసి నడిపాం. పైన నాజిల్ కింద 20 లీటర్ల బకెట్ పెట్టి ఫోన్‌లో టైమ్ చూస్తే, 85 శాతం స్పీడులో 32 సెకన్లకి నిండింది. అంటే గంటకి 2250 లీటర్లు. మామ గారు చెప్పారని 70 శాతానికి తగ్గించి చూశాను. పంప్ తిరుగుతున్న చప్పుడు వస్తోంది, నాజిల్ నుంచి ధార సన్నబడి ఆగిపోయింది. మళ్లీ 85కి పెంచగానే వచ్చేసింది.

ప్లగ్ పీకి చూస్తే సంప్ అంచుకి నాలుగు వేళ్ల కింద ఆగాయి నీళ్లు. సంప్ గాజు మీద నడిచేటప్పటి గరిష్ఠ మట్టానికి ఎర్ర టేపు అతికించాను, దానికి పైన ఎవరూ నీళ్లు పోయకూడదని ఇంట్లో చెప్పాను. గేట్ వాల్వ్ సర్దడానికి చాలాసేపు పట్టింది, కాస్త తిప్పి పది నిమిషాలు ఆగాలి. ఇప్పుడు హాల్లో చప్పుడే లేదు.

మోటారు_మామ:
బాగా చేశావు. రెండు నెలలకోసారి పంప్ విప్పి ఇంపెల్లర్ చూడు. మీ బోరు నీళ్లకి దాని మీద, షాఫ్ట్ మీద తెల్ల పొర కడుతుంది. నీళ్లు కలిపిన వెనిగర్‌లో కాసేపు నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో రుద్ది, మంచి నీళ్లతో కడిగి పెట్టు. గీరొద్దు. పంప్ అవుట్‌లెట్ దగ్గర యూనియన్ (చేత్తో విప్పి బిగించుకునే జాయింట్) వేయించావా? లేకపోతే ఇప్పుడే వేయించు, సంప్ ఖాళీ చేయకుండా విప్పుకోవచ్చు. ఈ బకెట్ లెక్కని ఎక్కడైనా రాసి పెట్టుకో. ఆరు నెలలకి మళ్లీ కొలిస్తే పాచి ఎంత పట్టిందో తెలుస్తుంది.

కుప్పం_చేపలు:
మా ఇంట్లోనూ సెల్లార్ ఉంది, మాది 12 అడుగులు. పైన నాలుగడుగుల ట్యాంకు. ఇదే పంప్ నాకూ సరిపోతుందా?

శేషాచలం_రీఫ్:
12 అడుగులంటే మీకు ఇంకో 60 సెంటీమీటర్లు ఎక్కువ. ట్యాంకు చిన్నది కాబట్టి ప్రవాహం తక్కువ చాలు, గంటకి 1000 నుంచి 1200 లీటర్లు. సంప్‌లో నీటి మట్టం నుంచి ట్యాంక్‌లో నీటి మట్టం దాకా ఎంతో, పైపు పొడవెంతో, మలుపులెన్నో కొలిచి ఇక్కడ పెట్టండి. పైపు సైజు లెక్క వేసి చెప్తాను, పంప్ ఆ తర్వాత చూద్దాం.